మొదటి స్టేజీ

పందొమ్మిదేళ్లుగా ఈ ఊరిని స్టేజీల్లో లెక్కపెడుతున్నాను.
మద్దిలపాలెం, గురుద్వారా, కంచరపాలెం, ఎన్ఏడీ, గాజువాక.
టికెట్ రెండ్రూపాయలు పెరిగితే
బస్సంతా నా మీద పడుతుంది.
గజం రెండు వేలు పెరిగిందని
వెనక సీట్లో ఇద్దరు స్వీట్లు పంచుకుంటారు.

వినీ వినీ, ఒక ఆదివారం నేనూ వ్యానెక్కాను.
ఆనందపురం దాటాక రంగు జెండాలు, షామియానా,
ఉచిత ఉప్మా, మెడలో ట్యాగుతో కనకారావు.
"మీరు నిద్రపోతుంటారు మేడమ్,
మీ డబ్బు మేలుకుని పనిచేస్తుంటుంది."
నిద్ర అన్న మాట దగ్గరే ఆగిపోయాను నేను.
తెల్లారి నాలుగున్నర డ్యూటీ వాళ్లకి
ఆస్తంటే అదే కదా.

అడ్వాన్సు మాత్రం ఇవ్వలేదు.
శ్రావణంలో ముసురు పట్టిన మర్నాడు
ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను.
నా నలభై ఏడో నంబరు రాయి
నెత్తి వరకూ నీళ్లలో ఉంది.
గేదెల్ని తోలుకుపోతున్న ముసలాయన అడిగాడు,
"చేపలకొచ్చినావేటి తల్లీ?
ఇది గెడ్డ. ఏటా ఇటే వస్తాది."

అప్పట్నుంచి రెండేళ్లు కాగితాలు చదవడం నేర్చుకున్నాను.
ముప్పై ఏళ్ల ఈసీ,
లింకు డాక్యుమెంట్లు వెనక నుంచి వెనక్కి.
ఒక తాత సంతకం, ఒక అప్ప వేలిముద్ర,
మధ్యలో మాయమైన ఒక తమ్ముడు.
ఈ తమ్ముడేడీ అని అడిగిన ప్రతిచోటా
టీ చల్లారిపోయేది, బేరం తెగిపోయేది.
టికెట్ లేనివాణ్ని మొహం చూసి పట్టేస్తాను నేను.
కాగితాలూ అంతే,
చూపు పక్కకి తిప్పుకుంటాయి.

చివరికి కంచరపాలెంలో, మూడో అంతస్తు,
లిఫ్టు లేదు. ఒక గది, వంటిల్లు, గూడ్సు బండి కూత.
సొసైటీ లోను, పీఎఫ్, నాలుగు గాజులు.
ఉప్పుగాలి తినేసిన గ్రిల్లుకి
నేనే ఎర్ర రంగు పూసుకున్నాను.
నేనుండేది మర్రిపాలెంలో,
ఇప్పటికీ అద్దెకే.

అక్కడ మా ఓనరు రూల్సు గోడ మీదే ఉంటాయి:
మోటారు పొద్దుట పావుగంట,
చుట్టాలొస్తే చెప్పవలెను,
మేకులు కొట్టరాదు.
నేను అట్టముక్క మీద 'అద్దెకు ఇవ్వబడును' అని రాశాక
కింద బోలెడు చోటు మిగిలింది.
ఏం రాయాలో తెలీలేదు.
ఫోన్ నంబరే ఇంకోసారి రాశాను.

వచ్చినవాడి పేరు మజ్జి దేముడు.
షిప్‌యార్డులో వెల్డరు, కళ్లు ఎప్పుడూ ఎర్రగా.
"గడియారానికి ఒక మేకు కొట్టుకోవచ్చా మేడమ్?"
కొట్టుకో బాబూ అన్నాను.
ఆ రాత్రి మర్రిపాలెంలో
నా గోడల వంక చూస్తూ కూర్చున్నాను.
పందొమ్మిది క్యాలెండర్లు, ఒకదాని తర్వాత ఒకటి,
కిటికీ ఊచకే వేలాడాయి.

ఆ నెల్లోనే తుఫాను.
ఒంటిగంటకి ఫోను: "మేడమ్, అద్దం ఎగిరిపోయింది."
నిద్రలో వచ్చే డబ్బు
నన్ను నిద్ర లేపింది.
రెయిన్‌కోటేసుకుని వెళ్లేసరికి
రోడ్డు మీదకి కొట్టుకొచ్చిన ఫ్లెక్సీ ఒకటి
కిటికీకి అడ్డం కడుతున్నాడు.
ఏదో వెంచరుది. సగం విమానం, సగం ఈతకొలను.
ఒక కొస అతను, ఒక కొస నేను.
తెల్లారేదాకా ఆ విమానం మా చేతుల్లో కొట్టుకుంది.

ఒకటో తారీకు దేముడు అద్దె కట్టాడు.
ఆ మాటే డిపోలో చెబితే
అందరూ పైకి చూసి దండం పెట్టారు.
ఏడున్నర వేలు.
లోనుకి ఏడు వేల నూట ఎనభై.
అద్దానికి రెండొందల యాభై.
మిగిలింది డెబ్బై.

సంచిలో వేస్తే చిల్లరలో కలిసిపోతుందని
ఖాకీ కోటు పైజేబులో విడిగా పెట్టుకున్నాను.
గురుద్వారా దగ్గర చెకింగ్ వాళ్లు ఎక్కారు.
సొంత డబ్బెంతమ్మా? వేబిల్లు చూపించాను:
డెబ్బై.
సరేనని సంతకం పెట్టి దిగిపోయారు.

ఎక్కడిదీ అని
ఒక్కరైనా అడిగుంటే బావుండేది.